మిర్చి బస్తాకు తక్‌పట్టీ ఉంది, మా ఒంటికి లేదు

హనుమకొండ, వరంగల్ జిల్లాల్లో ఎక్స్‌రే, సీటీ మెషీన్లు నడుపుతున్న నర్సింగ్ హోమ్‌లు, డయాగ్నోస్టిక్ సెంటర్ల యజమానులకు, జిల్లా వైద్యాధికారులకు

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పరకాల పక్కన ఊరు మాది, పని చేసేది హనుమకొండలో. 2003లో డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద ఫిల్ములు కడగడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చొని సీటీలు తీస్తున్నాను. ఈ 22 ఏళ్లలో నాలుగు చోట్ల పని చేశాను. "గాలి పీల్చుకో, బిగబట్టు, కదలకు... ఆఁ, వదులు" అని ఎన్ని లక్షల సార్లు అన్నానో లెక్క లేదు. లెక్క లేని సంగతి ఇంకొకటి ఉంది. దాని గురించే ఈ ఉత్తరం.

మా బాపు మిర్చి పండించేవాడు. సీజన్‌లో బస్తాలు ట్రాక్టర్‌కెత్తి ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చేవాడు. చదువు రాదు. కానీ కాంటా అయ్యాక అడ్తిదారు చేతిలో పెట్టే తక్‌పట్టీని నాతో రెండుసార్లు చదివించేవాడు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, హమాలీకి ఎంత పోయింది, కమీషన్ ఎంత పట్టారు, అన్నీ అందులో ఉండాల్సిందే. ఒకసారి రెండు కిలోలు తేడా వస్తే ఆ చీటీ పట్టుకొని గంటసేపు అడ్తి ముందు నుంచి కదల్లేదు. ఆ రెండు కిలోల డబ్బు చివరికి ఇచ్చారో లేదో గుర్తులేదు. చీటీ చేతిలో ఉన్న మనిషి గొంతు ఎలా ఉంటుందో మాత్రం గుర్తుంది.

నేను పని చేసే చోట రోజూ మనుషుల ఒంట్లోకి కొంత రేడియేషన్ పోతుంది. పేషెంటుకు పోతుంది. పిల్లను పట్టుకున్న తల్లికి కొంచెం తగులుతుంది. ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపించే మెషీన్) పక్కన నిలబడ్డ నర్సుకు తగులుతుంది, మాకూ తగులుతుంది. అది ఎంతో కొలిచే సాధనాలు ఉన్నాయి. చాలాచోట్ల కొలుస్తున్నారు కూడా. కొలిచిన అంకె మాత్రం ఎవరి ఒంటికి తగిలిందో వాళ్ల చేతికి రావట్లేదు. నా ఫిర్యాదంతా ఇదే.

ముందు, మాకు తగిలింది కొలవడానికి మేం పెట్టుకునే బ్యాడ్జి సంగతి చెబుతాను.

మీరు బిల్లులు కట్టేటప్పుడు 'టీఎల్‌డీ' అన్న దాని పేరు చూసే ఉంటారు. అందులో ఏముందో విప్పి చూసిన యజమానులు తక్కువ. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, లోపల ఒక కార్డు, కార్డుకు మూడు బిళ్లలు. కాల్షియం సల్ఫేట్‌లో కొంచెం డిస్ప్రోసియం కలిపి, టెఫ్లాన్‌తో ఆ బిళ్లలు చేస్తారు. రేడియేషన్ తగిలినప్పుడల్లా బిళ్ల కొంత శక్తిని తనలో దాచుకుంటుంది. మూడు నెలలయ్యాక ల్యాబ్‌కు పంపితే అక్కడ దాన్ని వేడి చేస్తారు. అప్పుడు దాచుకున్నదంతా వెలుతురుగా బయటపెడుతుంది. ఎంత వెలుతురొస్తే అంత డోస్, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్ మోతాదు. ఒక బిళ్ల ముందు లోహపు రేకు ఉంటుంది, ఒకదాని ముందు ప్లాస్టిక్ ఉంటుంది, మూడోదానికి ఏ అడ్డూ ఉండదు. ఈ మూడింటి తేడాను బట్టి తగిలింది ఎలాంటి రేడియేషనో కూడా పోల్చుకుంటారు. వేడి తగిలాక బిళ్ల తుడిచిన పలకలాగా అవుతుంది, మళ్లీ వాడుకోవచ్చు. ఇన్నేళ్లుగా వాడుతున్నా, ఇంత చిన్న బిళ్ల మూడు నెలల సంగతి గుర్తుపెట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

దీన్ని ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రాన్ (సీసం పొర ఉన్న కోటు) లోపల పెట్టుకోవాలి. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు. పని అయ్యాక ఎక్స్‌రే గదిలో వదిలేయకూడదు. వీటితో పాటు 'కంట్రోల్' అని ఒక బ్యాడ్జి వస్తుంది. మామూలుగా మన చుట్టూ ఉండేది, పోయి వచ్చే దారిలో తగిలేది ఎంతో అది చెబుతుంది. మా రీడింగుల్లోంచి ఆ మేరకు తీసేస్తారు. అందుకని కంట్రోల్‌ను రేడియేషన్ సోకని చోట ఉంచాలి. దాన్నే ఎక్స్‌రే గదిలో మేకుకు వేలాడదీస్తే ఏమవుతుంది? తీసివేత ఎక్కువై, అందరి డోసూ తక్కువ చూపిస్తుంది. నేను పని చేసిన రెండో చోట అలాగే వేలాడేది, కేలండర్ పక్కన. కావాలని చేశారని అనను. అది ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు, అంతే.

మూడో చోట జరిగింది మాత్రం తెలిసే జరిగింది. 2006లో మేడారం జాతరప్పుడు మాతో పని చేసే కుర్రాడొకడు తన బ్యాడ్జిని ఏప్రాన్‌కే వదిలేసి, ఏప్రాన్‌ను టేబుల్ పక్కన స్టాండుకు తగిలించి జాతరకు పోయాడు. అటు నుంచి అటే ఊరికి పోయి వారం తర్వాత వచ్చాడు. ఆ వారమంతా బ్యాడ్జి గదిలోనే ఉండి మేం తీసిన ప్రతి ఎక్స్‌రేకూ తడిసింది. రీడింగ్ ఎక్కువొచ్చింది. ఎందుకొచ్చిందో రాసి పంపమని ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాశారు, అక్కడితో అది అయిపోయింది. మాకు మాత్రం మరుసటి రోజు నుంచే మొదలైంది. బ్యాడ్జీలన్నీ రిసెప్షన్ టేబుల్ డ్రాయర్‌లోకి వెళ్లాయి. స్టాప్లర్, రబ్బర్ స్టాంపు, మూత లేని గమ్ము సీసా, వాటి మధ్య రబ్బర్ బ్యాండు వేసిన మా ఐదుగురి బ్యాడ్జీలు. మూడు నెలలకోసారి ఆ కట్ట తీసి పంపేవాళ్లు, కొత్త కట్ట పెట్టేవాళ్లు. ఇక అక్కడ ఎవరికీ రీడింగ్ ఎక్కువ రాలేదు. ఏ ఉత్తరమూ రాలేదు. సార్ ప్రశాంతంగా ఉన్నారు.

2007లో నేను కడుపుతో ఉన్నాను. మూడో నెల దాకా సీ-ఆర్మ్ కేసులకు వెళ్లాను. తొడ ఎముకకు రాడ్డు వేసేటప్పుడు ఆర్థో సార్ "ఇంకోటి... ఇంకోటి" అంటుంటే పెడల్ నొక్కుతూనే ఉండాలి. ఇంట్లో చెప్పాక యజమాని సార్‌కూ చెప్పాను. వెంటనే నన్ను రిసెప్షన్‌కు మార్చారు. ఆ విషయంలో మంచి మనిషే, కాదనను. కానీ అప్పటిదాకా నాకు ఎంత తగిలింది? అదే అడిగాను. "నీకెందుకమ్మా అవన్నీ, ఫైల్లో ఉంటాయి, ఏం కాదు పో" అన్నారు. ఫైలు చూస్తానంటే అకౌంటెంట్ దగ్గర ఉందన్నారు. అకౌంటెంటును అడిగితే సార్ క్యాబిన్‌లో ఉందన్నాడు. ఇటు ఇంట్లో మా అత్తమ్మకు ఎవరో చెప్పారు, కరెంటు మెషీన్ దగ్గర పని చేస్తే పిల్లలు ఎట్లనో పుడతారని. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం భద్రకాళి గుడికి పోయి వచ్చి నా నుదుటికి బొట్టు పెట్టేది. ఆమె అట్లా మాట్లాడకుండా పెట్టే బొట్టుతోనే నాకు టెన్షన్ ఎక్కువైంది.

కాన్పుకు పది రోజుల ముందు ఫైలు దొరికింది. నా పేరు ఎదురుగా వరుసగా సున్నాలు. ఆ సున్నాలు నావి కావు, డ్రాయర్‌వి. గమ్ము సీసాకు, స్టాప్లర్‌కు రేడియేషన్ తగల్లేదని ల్యాబ్ వాళ్లు పద్ధతిగా రాసి, సంతకం పెట్టి పంపారు.

మా బాబుకు ఏమీ కాలేదు. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ అంటే పారిపోవడం తప్ప ఏ లోపమూ లేదు. ఆ రోజుల్లో నాకు తగిలింది కూడా తక్కువే అయి ఉంటుంది. ఏప్రాన్ లేకుండా ఎప్పుడూ లోపలికి పోలేదు. ఎక్స్‌రే వచ్చే ట్యూబ్‌కు వీలైనంత దూరంగా నిలబడడం మా సీనియర్ అన్న నేర్పిన మొదటి పాఠం. దూరం రెండింతలైతే డోస్ నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి తక్కువే అయి ఉంటుంది. కానీ 'అయి ఉంటుంది' అనుకుంటూ పడుకుంటే నిద్ర పట్టదు సార్.

మన దేశంలో ఈ విషయాలు చూసే ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, 1983 నుంచి ఉంది. దాని లెక్క ప్రకారం మాలాంటి వాళ్లకు వరుసగా ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్లు (డోస్‌ను కొలిచే యూనిట్) దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1. గర్భిణి తన సంగతి చెప్పినప్పటి నుంచి కడుపులో బిడ్డకు మిగతా నెలలన్నీ కలిపి 1 దాటకూడదు. ఇవి మీకు తెలిసినవే, లైసెన్సు కాగితాల్లో సంతకాలు పెట్టే ఉంటారు. అంతగా తెలియనిది ఇంకొకటి చెబుతాను. 2004లో వచ్చిన రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్‌లో యజమాని బాధ్యతల కింద స్పష్టంగా రాసి ఉంది: పని చేసేవాళ్ల డోస్ రికార్డును ఏటా వాళ్లకు ఇవ్వాలి, అడిగినప్పుడు ఇవ్వాలి, ఉద్యోగం మానేసేటప్పుడు ఇవ్వాలి. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు పాత చోటు నుంచి ఆ రికార్డు తెప్పించుకోవాలి. అంటే 2007లో నేను అడిగింది దయ కాదు, అప్పటికే మూడేళ్లుగా నాకున్న హక్కు. అప్పుడు నాకూ తెలియదు.

ప్రతి టెక్నీషియన్‌కూ ఒక నంబరు ఉంటుంది. ఎక్కడ చేరినా అదే నంబరు కొనసాగితే, ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) దగ్గరున్న జాతీయ డోస్ రిజిస్టర్‌లో మా మొత్తం సర్వీసు లెక్క ఒక్కచోట కనబడుతుంది. కానీ కొత్త చోట చేరినప్పుడు పాత నంబరు ఎవరు అడుగుతారు? పేరు, పుట్టిన తేదీ రాసుకొని కొత్తగా పంపేస్తారు. ఆ లెక్కన నేను రెండుసార్లు కొత్తగా పుట్టాను.

ఇక పారామెడికల్ కాలేజీల నుంచి ప్రాక్టికల్స్‌కు వచ్చే పిల్లలున్నారు. జీతం లేదు, బ్యాడ్జీ లేదు. వార్డులో పోర్టబుల్ ఎక్స్‌రే తీయాలంటే ముందు వాళ్లనే పంపుతారు. కదిలే పేషెంటును పట్టుకోమంటే ముందు వాళ్లే పట్టుకుంటారు, నేర్చుకోవాలన్న ఆత్రం కదా. వాళ్లకు తగిలింది ఏ కాగితంలోనూ లేదు.

మా గోడు పక్కన పెట్టండి. మేం జీతం తీసుకొని చేస్తున్నాం. డబ్బులు కట్టి మరీ రేడియేషన్ తీసుకునే పేషెంటు సంగతి చూడండి.

పేషెంటుకు మాలాగా ఏడాదికి ఇంత అని లిమిట్ లేదు. అవసరమైన పరీక్షను లిమిట్ పేరుతో ఆపకూడదు కాబట్టి అది సరైనదే. దానికి బదులు రెండు షరతులున్నాయి: పరీక్ష నిజంగా అవసరమై ఉండాలి, డోస్ పనికి సరిపడేంతే ఉండాలి. ఈ రెండూ పాటించామా లేదా అన్నది అంకె లేకుండా ఎలా తెలుస్తుంది? సీటీలో ఆ అంకె కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. స్కాన్ అయిపోగానే చివర ఒక పేజీ దానంతటదే వస్తుంది. సీటీడీఐ (మెషీన్ ఒక్కో ముక్కకు ఇచ్చిన డోస్) ఎంత, డీఎల్‌పీ (స్కాన్ చేసిన పొడవంతటికీ కలిపిన డోస్) ఎంత అని వరుసగా రాసి ఉంటుంది. మేం ఏం చేస్తాం? మౌస్‌తో ఒక్క నొక్కు నొక్కి దాన్ని మూసేసి తర్వాతి పేషెంటును పిలుస్తాం. అది ఫిల్ములోకి ఎక్కదు, రిపోర్టులోకి ఎక్కదు. ఎదిగిన మనిషికి పొట్ట సీటీలో డీఎల్‌పీ 600 వచ్చిందనుకోండి, పొట్టకు వాడే 0.015తో గుణిస్తే 9 మిల్లీసీవర్ట్లు. సరిగ్గా తీసిన ఒక ఛాతీ ఎక్స్‌రే 0.02 ఉంటుంది. ఇది ఖచ్చితమైన లెక్క కాదు, ఒక అంచనా. కాంటా మీద తూకం లాంటిది కాదు, చేత్తో ఎత్తి చూసి చెప్పే బరువు లాంటిది. అయినా అసలు లేనిదానికన్నా నయం.

ఈ అంకెను మూసేయడం వల్ల ఏం జరుగుతుందో నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. ములుగు వైపు నుంచి ఒక రాత్రి ఏడాది పాపను తెచ్చారు, మంచం మీది నుంచి పడి తలకు దెబ్బ. నైట్ డ్యూటీ అబ్బాయి సీటీ తీశాడు. రిపోర్టు నార్మల్, పాప తెల్లారి పాలు తాగి ఇంటికి పోయింది. అందరూ సంతోషం. పొద్దున నేను డ్యూటీకొచ్చి రాత్రి కేసులు చూస్తుంటే ఆ చివరి పేజీ కనబడింది. డీఎల్‌పీ 900 దాటింది. పెద్దవాళ్ల తలకు పెట్టే సెట్టింగే పాపకు పెట్టేశాడు. పెద్ద మనిషికి తల సీటీలో 900 వస్తే గుణించాల్సింది 0.0021తో, 2 మిల్లీసీవర్ట్ల దగ్గర తేలుతుంది. ఏడాది పిల్లకైతే 0.0067తో గుణించాలి. 6 దాటింది. అదే మెషీన్‌లో పిల్లల ప్రోటోకాల్ ఉంది, పిల్ల బొమ్మతో సహా. అబ్బాయిని అడిగితే, "ఇమేజ్ ఎంత క్లియర్‌గా వచ్చిందో చూడక్కా" అన్నాడు. వాడి తప్పు కొంతే. వాడికి ఎవరూ ఎప్పుడూ ఆ పేజీ చూపించి, ఇది ఎందుకింత వచ్చిందని అడగలేదు. రిపోర్టు కింద ఆ అంకె రాసే అలవాటుంటే, సంతకం పెట్టే రేడియాలజిస్ట్ సార్ అదే రోజు ఫోన్ చేసి తిట్టేవారు. రెండో పాపకు అలా జరిగేది కాదు.

'ఇమేజ్ క్లియర్‌గా వచ్చింది' అన్న ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. డార్క్‌రూమ్ రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువిస్తే ఫిల్ము నల్లగా మాడిపోయేది. డెవలపర్ తొట్టిలోంచి తీయగానే మన తప్పు మన ముఖానికే కనబడేది. సీనియర్ అన్న ఆ ఫిల్మును లైటు ముందు పట్టి, "బొగ్గు తీసినవా ఫోటో తీసినవా" అనేవాడు. ఇప్పుడు సీఆర్, డీఆర్ అనే డిజిటల్ ఎక్స్‌రేలు వచ్చాక ఎక్కువిచ్చినా కంప్యూటర్ సరిచేసి చక్కగా చూపిస్తుంది. ఇంకా చెప్పాలంటే ఎక్కువిస్తేనే గరుకు లేకుండా నున్నగా వస్తుంది. తక్కువిస్తే గరగరలాడుతుంది, డాక్టర్ తిడతాడు. ఎక్కువిస్తే ఎవరూ తిట్టరు. మరి ఏ టెక్నీషియన్ అయినా నాలుగు నెలల్లో ఎటు జరుగుతాడు? నేను కూడా జరిగాను, దాచుకోవడం ఎందుకు. ఒకరోజు కొత్త చార్టు రాస్తూ పాత డైరీ తీస్తే, అదే ఛాతీ ఎక్స్‌రేకు నేను ముందు వాడినదానికి దాదాపు రెట్టింపు ఎంఏఎస్ (ఎక్స్‌రే ఎంత ఇవ్వాలో పెట్టే సెట్టింగు) వాడుతున్నానని బయటపడింది. మెషీన్ మన తప్పును కప్పిపుచ్చడం మొదలుపెట్టిన రోజు నుంచే అంకె రాసి పెట్టుకోవడం మొదలవ్వాల్సింది. అది జరగలేదు.

కరోనా గుర్తుందా? 2021 ఏప్రిల్, మే నెలల్లో మన సీటీ సెంటర్ల ముందు లైన్లు రోడ్డు మీదికొచ్చాయి. దగ్గుతో వచ్చినవాళ్లు, జ్వరం తగ్గినవాళ్లు, ఏ లక్షణమూ లేక ఊరికే అనుమానంతో వచ్చినవాళ్లు, అందరికీ సీటీలే. కొందరు వారంలో రెండోసారి వచ్చారు, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోర్ తగ్గిందో లేదో చూసుకోవడానికి. అప్పుడు ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా గారు ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని టీవీలో చెబితే, అంత ఉండదని రేడియాలజిస్టుల సంఘం అభ్యంతరం చెప్పింది. కొత్త మెషీన్లలో డోస్ బాగా తగ్గిందన్నది వాళ్ల వాదన, అందులోనూ నిజముంది. నాకు అప్పుడు అనిపించింది ఒకటే. ఢిల్లీలో ఎవరు గెలిచినా, మా మెషీన్‌లో ఈ పేషెంటుకు ఎంత పోయిందో ఈ స్క్రీన్ మీదే ఉంది కదా, అది రాసిస్తే తగువెందుకు? ఆ రెండు నెలలు 25కు ఎంత స్కోర్ వచ్చిందో కూరగాయల బండి దగ్గర కూడా మాట్లాడుకున్నారు. డోస్ ఎంతో ఒక్కరి నోటా వినలేదు.

మామూలు రోజుల్లో ఇంకో రకం ఉంది. జయశంకర్ భూపాలపల్లిలోనో, మహబూబాబాద్‌లోనో ఒక సీటీ తీస్తారు. హనుమకొండకు పంపిస్తే ఇక్కడ "మా దగ్గర తీసిందే కావాలి" అని ఇంకోటి తీస్తారు. హైదరాబాద్ తీసుకుపోతే అక్కడ మూడోది. ఏ రిపోర్టు మీదా డోస్ లేదు కాబట్టి మూడోది రాసే డాక్టర్‌కు ముందటి రెండూ కలిపి ఎంతైందో తెలిసే దారి లేదు. కమీషన్ల సంగతి నేను ఎత్తను. మీకు తెలుసు, నాకూ తెలుసు, ఊళ్లో ఆర్ఎంపీలకు ఇంకా బాగా తెలుసు.

గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్ల సంగతి చిన్నది, కానీ చెప్పాలి. ఎక్స్‌రే గది కట్టేటప్పుడు తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, కిరణాలు సూటిగా తగిలే వైపు ఇంకా మందం, తలుపుకు సీసం రేకు, అన్నీ ప్లాన్ ప్రకారమే కడతారు. నాలుగేళ్లకు పక్క గదిలో ల్యాబ్ పెట్టాలని గోడకు కిటికీ కొడతారు. లేదంటే తలుపు అరిగి మూసుకోక, వార్డుబాయ్ దానికి ఇటుక అడ్డం పెడతాడు. మధ్యాహ్నం రష్‌లో తలుపు సగం తెరిచి ఉండగానే ఎక్స్‌పోజర్ ఇచ్చిన రోజులు నాకు తెలుసు. తలుపుకు ఎదురుగా బెంచీ, బెంచీ మీద టోకెన్ పట్టుకొని నిండు చూలాలు. రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ తెచ్చి ఆ బెంచీ దగ్గర పెట్టి చూడడానికి పది నిమిషాలు చాలు. మెషీన్‌కు రెండేళ్లకోసారి క్వాలిటీ పరీక్ష చేయించాలి కదా, ఆ వచ్చిన ఇంజనీరుతోనే బెంచీ దగ్గర కూడా కొలిపించండి. టీ తాగి పోయేలోపు అయిపోతుంది.

పిల్లలను పట్టుకునే తల్లులకు ఏప్రాన్ ఇవ్వమని వేరే చెప్పాలా అనుకున్నాను, చెప్పాలనే అనిపించింది. చాలాచోట్ల ఏప్రాన్ ఉంటుంది, అల్మారాలో నాలుగు మడతలు పెట్టి. మడత పెడితే లోపలి సీసం పొర చీలుతుంది. పైకి ఏమీ కనబడదు, చీలిక లోంచి కిరణాలు పోతాయి. హ్యాంగర్‌కు వేలాడదీయాలి. హ్యాంగర్ రెండు వందల రూపాయలు కూడా ఉండదు.

మీరు అనబోయే మాట నాకు తెలుసు. మా సార్ ఒకరు అన్నదే: "అంకె రాసిచ్చామనుకో, చదువు రానివాళ్లు భయపడి పారిపోతారు. అవసరమైన స్కాన్ కూడా మానేస్తారు." ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. నేనూ చాలా ఆలోచించాను. కానీ జనం ఇప్పుడు భయపడట్లేదా? "ఫోటో తీస్తే ఒంట్లోకి కరెంటు పోతదట కదా" అని అడగని ముసలాయన లేడు. ఆపేసిన మెషీన్ దగ్గర నిలబడడానికి కూడా భయపడతారు. స్విచ్ తీసేస్తే అది ఆర్పేసిన ట్యూబ్‌లైటే, దాంట్లోంచి ఏమీ రాదు. కడుపుతో ఉన్నవాళ్లకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు, ఎంఆర్ఐకి అసలు ఈ రేడియేషనే లేదని తెలియక, 'స్కానింగ్' అన్న ఒక్క మాటతో అన్నింటికీ కలిపి భయపడతారు. అదే సమయంలో, భయపడాల్సినంత కాకపోయినా ఆలోచించాల్సిన సీటీని మాత్రం స్వీట్ షాపులో అడిగినట్టు "అన్నీ కలిపి తీయండి సార్" అంటారు. అంకె లేని చోట భయం ఇలాగే తప్పు చోట పేరుకుంటుంది.

మొన్న చలికాలంలో జనగామ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు నెలలుగా దగ్గు, టీబీ అనుమానం, ఛాతీ ఎక్స్‌రే రాశారు. గది గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రాడు. కొడుకు విసుక్కుంటున్నాడు. నేను బయటికొచ్చి కూర్చోబెట్టి చెప్పాను. "పెద్దాయనా, మనం ఏమీ చేయకున్నా నేలలోంచి, రాళ్లలోంచి, ఆకాశంలోంచి రోజూ కొంచెం కొంచెం తగులుతనే ఉంటది. ప్రపంచం మొత్తం సగటు చూస్తే ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్లు. మన దగ్గర గ్రానైట్ నేల, అందులోనూ ఉంటది. నీకు ఈ ఫోటోతోని తగిలేది మూడు దినాలు ఊర్లె ఊరికె కూసున్నంత" అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూశాడు. "మూడు దినాలేనా? గిందుకా గీడు నన్ను పొద్దటి సంది గింత ఆగం జేసిండు" అని కొడుకును చూపించి, అంగీ విప్పుకుంటూ లోపలికి నడిచాడు. అంకె చెబితే పారిపోయినవాళ్లను నేను చూడలేదు. నిజంగా 9 వచ్చే స్కాన్‌కు మూడున్నర ఏళ్లకు పైనే అని చెప్పినప్పుడు కూడా, చాలామంది ఒకటే అడుగుతారు: "తప్పదా సార్?" డాక్టర్ తప్పదంటే తీయించుకుంటారు. ఆ ప్రశ్న అడిగే అవకాశం వాళ్లకు ఇవ్వాలా వద్దా అన్నదే కదా.

జిల్లా వైద్యాధికారి గారికి ఒక మాట. తనిఖీకి వచ్చినప్పుడు మీరు ఏఈఆర్‌బీ లైసెన్సు, క్వాలిటీ రిపోర్టు, ఫైర్ సర్టిఫికెట్ చూస్తారు. ఈసారి కాగితాల కన్నా ముందు ఎక్స్‌రే గదిలోకి రండి. డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ ఛాతీ మీద బ్యాడ్జి ఉందో లేదో చూడండి. ఉంటే, దాని మీద పేరు అతనిదేనా, పోయిన మూడు నెలల రీడింగ్ ఎంతో అతనికి తెలుసా అని అడగండి. రిసెప్షన్ డ్రాయర్ కూడా ఒకసారి తీయించండి. మీరు వస్తున్నారని ముందురోజు ఫోన్ చేయకుండా వస్తే ఇంకా మంచిది.

యజమానులను నేను అడిగేది ఎక్కువ ఖర్చయ్యేది కాదు. సీటీ రిపోర్టు కింద డీఎల్‌పీ ఒక్క లైను టైపు చేయించండి, టైపిస్టుకు ఆ పేజీ పంపే పని మేం చూసుకుంటాం. మా బ్యాడ్జి రిపోర్టు వచ్చినప్పుడు ఎవరి లైను వాళ్లకు ఫోటో తీసి ఫోన్‌కు పంపండి. ప్రాక్టికల్స్ పిల్లలను గదిలోకి పంపేటట్టయితే వాళ్ల పేరున బ్యాడ్జి తెప్పించండి, తెప్పించలేకపోతే బయటే ఉంచండి. రీడింగ్ ఎక్కువొచ్చి ఉత్తరం వస్తే మా మీద అరవకండి. అరిస్తే మళ్లీ బ్యాడ్జీలు డ్రాయర్‌లోకే పోతాయి.

కొత్త బ్యాడ్జీలు జనవరి 1 నుంచి వాడాలి. పాతవి పంపే ముందు ఒక్కసారి మీ దగ్గరి టెక్నీషియన్లను పిలిచి, పోయినసారి మీకెంత వచ్చిందో తెలుసా అని అడగండి. తెలియదంటే, ఆ కాగితం మీ క్యాబిన్‌లోనే ఎక్కడో ఉంటుంది. వెతికించి ఇవ్వండి.

ఇట్లు,
22 ఏళ్లుగా గాలి బిగబట్టమని చెబుతున్న ఒక ఎక్స్‌రే టెక్నీషియన్,
హనుమకొండ